వెనుక పెట్టిన డబ్బా ముందుకెలా వచ్చింది

ఆ పెద్ద సరుకుల దుకాణంలో ఆయనను పేరుపెట్టి పిలిచేవారు లేరు. యజమాని మొదలుకొని గుమ్మం దగ్గర సంచులు తనిఖీ చేసే మనిషి వరకూ అందరికీ ఆయన సర్దుబాబాయే. అరలలో సరుకు సర్దడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగంలోనే తల నెరిసింది. ఆ ఉద్యోగంలోనే, ఎవరూ సర్దమనకుండానే, పొట్ట కూడా ముందు వరుసలోకి వచ్చింది.

చూసేవారికి అది సామాన్యమైన పనిగా తోచవచ్చు. దానికీ ఒక శాస్త్రమున్నది. కొనేవారి కళ్ళకెదురుగా ఉన్న అర సింహాసనం వంటిది. అక్కడ కూర్చున్న వస్తువు అడగకుండానే అమ్ముడుపోతుంది. మోకాలి ఎత్తున ఉన్నది పసిపిల్లల రాజ్యం. తలకు పైనున్నదీ, పాదాల దగ్గరున్నదీ పట్టుదల గలవారికి మాత్రమే దక్కుతాయి. గడువు దగ్గరపడిన ప్యాకెట్టు ముందుకు రావాలి, కొత్తది వెనక్కి పోవాలి. అన్నిటినీ మించిన నియమం మరొకటి: ముందు వరుసలో ఖాళీ కనిపించరాదు. ఒక డబ్బా అమ్ముడుపోగానే వెనుకనున్నది వచ్చి ఆ చోట నిలవాలి. పేరున్న వైపు మనిషిని చూస్తూ నిలవాలి. కొత్తగా చేరినవారికి ఆయన మొదట నేర్పే పాఠం ఇదే.

ఇటువంటి సర్దుబాబాయి బరువు తగ్గవలసి వచ్చింది. అందం కోసం కాదు; ఆ ఆశ ఆయనకు పెళ్ళినాటికే లేదు. ఆయన అక్కకు రెండు మూత్రపిండాలూ పాడైనాయి. వారంలో సగం రోజులు ఆమె ఆసుపత్రి కుర్చీలో చెయ్యి చాపి కూర్చుని, ఒంట్లోని రక్తాన్ని యంత్రంలోకి పంపి, కడిగించుకుని వస్తున్నది. తన మూత్రపిండాలలో ఒకదానిని ఆమెకిస్తానని ఆయన ముందుకు వచ్చాడు.

అక్క అనడమే గాని, ఆయనను పెంచినది ఆమే. తల్లి పోయినప్పుడు తమ్ముడికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. ఆమె చొక్కాలకు బొత్తాలు కుట్టే కార్ఖానాలో చేరి, సాయంత్రం ఇంటికి వస్తూ బేకరీలో ఒక తీపి రొట్టె కొని, చేతిరుమాలులో చుట్టి తెచ్చేది. తమ్ముడు నములుతుంటే బుగ్గలు ఎంత ఉబ్బాయో చూసుకోవడమే ఆమెకు వినోదం. "మా వాడికి ఒళ్ళు పట్టింది" అని ఎవరైనా అంటే ఆ రోజంతా ఆమెకు కడుపు నిండినట్లుండేది. ఆ పట్టిన ఒళ్ళే ఇప్పుడు అడ్డం వచ్చింది.

"మీ రక్తం కలిసింది. తక్కిన పరీక్షలన్నీ కలిశాయి. మీ పొట్టొక్కటే కలవనంటోంది," అంది డాక్టరమ్మ, కాగితాలు పక్కకు పెట్టి.

"పొట్టతో పనేముందండీ? నేనిచ్చేది కిడ్నీ కదా!"

"ఇచ్చేశాక మీకు మిగిలేది ఒక్కటే. ఈ బరువంతా అదొక్కటే లాగాలి. ఒక ఎద్దుతో రెండెడ్ల బండి తోలిస్తానంటే నేనొప్పుకోను. తగ్గి రండి, అప్పుడు చూద్దాం."

పక్కనే కూర్చున్న అక్క ముఖం తేలికపడింది. "అయితే మానెయ్యండమ్మా. వీడు తగ్గేదీ లేదు, మీరు కోసేదీ లేదు. నాకీ కుర్చీ అలవాటైపోయిందిలెండి."

"నువ్వూరుకో అక్కా!"

"ఊరుకోక ఏం చేస్తాన్రా? నా చేత్తో పెంచిన ఒళ్ళు. దాన్ని కోసి నాకే పెట్టమని ఏ నోటితో అడగను?"

తమ్ముడు ఆ మాట విననట్లు నటించి, ఇంటికి వచ్చి పని మొదలుపెట్టాడు.

ఇంటి పరిస్థితి సంగ్రహంగా చెప్పాలి. చితికిన పెట్టెలనూ, విరిగిన బిస్కెట్ల ప్యాకెట్లనూ దుకాణంవారు పనివారికి ఊరకే ఇచ్చేస్తారు. అవన్నీ సంచుల కొద్దీ ఈ ఇంటికే చేరుతాయి. అది చాలక, జబ్బుపడి ఈ ఇంట్లోనే ఉంటున్న అక్కను చూడవచ్చేవారు ఒట్టిచేతులతో రారు. కేకులు, చాక్లెట్లు, ఉప్పు చల్లిన జీడిపప్పు పట్టుకుని వస్తారు. వాటిలో సగం ఆమె తినరానివి. తినదగినవి తిందామన్నా, నోట్లో ఇనుపముక్క పెట్టుకున్నట్లుంటుందని ఆమె ముట్టదు. వచ్చినవారు పోయిన తరువాత ఆ కానుకలన్నీ ఎవరి కడుపులోకి పోతాయో వేరే చెప్పనక్కరలేదు.

"తీసుకెళ్ళి ఎవరికైనా ఇచ్చేస్తే పోలా?" అంది ఆయన భార్య. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర వచ్చినవారి పేర్లు రాసుకుని వరుసగా లోపలికి పంపే ఉద్యోగం చేస్తున్నది. తీపి మీద ఆమెకు వృత్తిరీత్యా గౌరవం లేదు.

"మరి నేనేం తినాలి, క్యారెట్లా?" అంది కూతురు. కాలేజీ నుంచి వస్తూనే వంటింట్లోకి దూసుకుపోయే వయసు ఆ పిల్లది. ఎంత తిన్నా గాలికి ఎగిరిపోయేటట్లుంటుంది.

"పిల్ల నోరు కట్టకండి," అంది అక్క. "నా మూలంగా ఇంటిల్లిపాదీ పస్తులుండొద్దు."

సర్దుబాబాయి చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "ఎవరికీ ఇవ్వక్కర్లేదు, ఎవరి నోరూ కట్టక్కర్లేదు. వస్తువుని మనిషి చేత కొనిపించడం నాకొచ్చు. కొనకుండా చెయ్యడం అంతకంటే సులువు. అంతా తిరగేస్తే సరి."

వారి వంటింట్లో కిటికీ పక్కన తలుపులు లేని లోతైన అరలున్నాయి. ఒక సెలవు రోజున ఆయన వాటినన్నిటినీ ఖాళీ చేసి, తుడిచి, తలకిందులుగా దుకాణం పెట్టాడు. కళ్ళకెదురుగా కోసిన పండ్లు, ఉడికించిన గింజలు, దోసకాయ ముక్కలు. బిస్కెట్లను గాజు సీసాలలోనుంచి రేకు డబ్బాలలోకి మార్చాడు. "గాజు సీసా అంటే కిటికీ, రేకు డబ్బా అంటే గోడ" అని కూతురికి బోధించాడు. అన్నిటికంటె అడుగు అరలో, పిండి డబ్బాల వెనుక, వంగి మోకరిల్లితే తప్ప అందని చోట కేకులూ చాక్లెట్లూ పెట్టాడు.

"వంగినప్పుడల్లా మీ నడుమే మీకు బుద్ధి చెబుతుంది," అంది భార్య మెచ్చుకోలుగా.

మొదట్లో ఆ విద్య అద్భుతంగా పనిచేసింది. కనిపించని దానిమీద మనసు పోలేదు. ఇంటికి రాగానే చెయ్యి దేనికి తగిలితే దానిని తినేవాడు కనుక, తగిలిన దోసకాయనే తిన్నాడు. నడుముపట్టీ ఒక రంధ్రం లోపలికి జరిగింది. దుకాణంలో నిచ్చెన ఎక్కుతుంటే ఆయాసం రాలేదని, మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కి చూసుకున్నాడు.

తరువాత బరువు తగ్గడం ఆగింది. ఆగి, ఊరుకోక, మెల్లగా పైకి తిరిగింది. ఆశ్చర్యమేమిటంటే, ఆయన వంగి వెతికి తిన్నది ఏమీ లేదు. చేతికెదురుగా ఉన్నదే తిన్నాడు. చేతికెదురుగా బిస్కెట్ల డబ్బా ఉన్నది.

"వెనకాల పెట్టిన డబ్బా ముందుకెలా వచ్చింది?"

ఈ ప్రశ్న ఆయనను పట్టుకున్నది. కోపం కంటె కుతూహలమే ఎక్కువగా పట్టుకున్నది. దుకాణంలో ఒక వస్తువు తన చోటు మారితే, ఎవరు మార్చారో కనుక్కునేదాకా ఆయనకు అన్నం సయించదు. ముందుగా కూతురిని పిలిచాడు.

"నువ్వు తిని ముందర పెట్టేస్తున్నావా?"

"నేనా? తిన్న డబ్బాని ముందర పెడితే నాకే మిగలదు, నాన్నా. నువ్వుంటావుగా! నేను ఇంకా లోపలికి తోస్తా."

తరువాత భార్యను అడిగాడు. ఆమె గిన్నె తోముతూ వెనక్కి తిరగనైనా లేదు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం పళ్ళు చూసి వచ్చేదాన్ని. ఇంటికొచ్చి డబ్బాలకి కాపలా కాయాలా? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు పడతారేమో పట్టండి."

ఆయన పట్టదలచాడు. ఒక ఉదయం బిస్కెట్ల డబ్బాను అడుగు అరలో చివరిగా పెట్టి, పేరు అంటించిన వైపును గోడకు తిప్పి, దుకాణానికి పోయాడు. సాయంత్రం వచ్చి కాళ్ళు చేతులు కడుక్కుని, ఇంట్లోవారితో ఆ మాటా ఈ మాటా చెప్పి, తీరికగా వంగి చూచేసరికి, డబ్బా ముందు వరుసలో ఉన్నది. అంతేకాదు, పేరు బయటికి తిరిగి ఉన్నది. పక్క డబ్బాలతో గీత గీసినట్లు ఒకే వరుసలో నిలబడి ఉన్నది.

ఆయన అబ్బురపడి, కాసేపు దానిని చూస్తూ ఉండిపోయాడు. ఎవరో తెలియదు గాని, పనితనం గల చెయ్యి! తన దుకాణంలో ఇటువంటి చెయ్యి ఒక్కటి దొరికితే ఎంత బాగుండునని కూడా అనుకున్నాడు.

అప్పుడు, వద్దనుకుంటూనే, ఆయన మనసు అక్క వైపు పోయింది. ఆసుపత్రికి పోని రోజులలో పగలంతా ఇంట్లో ఉండేది ఆమే. ఏళ్ళ తరబడి ఈ సర్దుడు కబుర్లు విని, విద్య పట్టుబడినదీ ఆమెకే. పైగా ఆమెకు ఈ ఆపరేషను ఇష్టం లేదు. తమ్ముడు తగ్గకపోతే ఎవరి మాటా కాదనకుండా అది ఆగిపోతుంది. అన్నీ కలుస్తున్నాయి. కలిసిన కొద్దీ ఆయనకు తిన్నది సయించలేదు. సయించకపోయినా, ఒంటికి మాత్రం పడుతూనే ఉన్నది.

తిరిగి ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరమ్మ తూకపు యంత్రం మీద ముల్లును చూసి, ఆయన ముఖం చూచింది.

"బాబాయిగారూ, ఈవిడ చేతినరాలు యంత్రానికి ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయో నేను చెప్పలేను. వచ్చేసారికి కూడా ఇలాగే ఉంటే మీ పేరు తీసేసి, ఈవిడని చనిపోయినవారి కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళలో చేరుస్తాను. ఆ వరుస చాలా పొడుగు."

అక్కాతమ్ముళ్ళు ఇంటికి వచ్చారు.

ఆ మధ్యాహ్నం ఆమె ఎప్పటివలె వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నది. రోజంతటికీ తాగదగిన నీళ్ళు ఇన్నేనని డాక్టరమ్మ గీత గీసింది గనుక, చిన్న గ్లాసులోవి పెదవి తడుపుకుంటూ తాగుతున్నది. కూతురు బల్ల దగ్గర చదువుకుంటున్నది. సర్దుబాబాయి చాలాసేపు కుళాయి కట్టి విప్పి, విప్పి కట్టి, చివరికి అడిగేశాడు.

"అక్కా, ఆ డబ్బాలు నువ్వే ముందుకి జరుపుతున్నావు కదూ?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. నవ్వబోయి ఆగింది.

"నువ్విక్కడ అరల దగ్గర నుంచో. మొన్న మీ దుకాణంలో నూనె సీసాలేవో పగిలాయన్నావే, అదేంటో చెప్పు."

"అదిప్పుడెందుకే?"

"చెప్పమంటున్నానా?"

ఆయన చెప్పసాగాడు. నూనె సీసాల పెట్టె అడుగు ఊడిపోయిన వైనం, కొత్తగా చేరినవాడు తుడవబోయి జారిన వైనం, యజమాని వచ్చి "ఇదేమైనా ఈతకొలనా" అని అరిచి, తానే జారి కూర్చున్న వైనం. చెబుతున్నకొద్దీ ఆయనకే ఉత్సాహం హెచ్చింది. యజమాని పడిన చోటికి వచ్చేసరికి కూతురు పుస్తకం మూసింది. కాని ఆ పిల్ల తండ్రి ముఖం చూడడం లేదు.

"నాన్నా," అంది మెల్లగా. "నీ చేతులు చూసుకో."

ఆయన చూసుకున్నాడు. కుడిచెయ్యి అడుగు అరలో మోచేతి దాకా ఉన్నది. ఎప్పుడు వంగాడో తెలియదు. పిండి డబ్బా పక్కకు తప్పుకుని ఉన్నది. బిస్కెట్ల డబ్బా ముందుకు వచ్చి ఉన్నది. ఎడమచెయ్యి దాని పేరును బయటికి తిప్పుతూ ఉన్నది. పై అరలో కేకు డబ్బా అప్పటికే వచ్చి, పండ్ల పళ్ళెం పక్కన, కళ్ళకెదురుగా, సింహాసనం మీద కూర్చున్నది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కాబోలు!" అని కూతురు కడుపు పట్టుకుని నవ్వింది.

ఆయన ఆ చేతులను వేరొకరివి అన్నట్లు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఇంటికి వచ్చి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, అరల ముందు నిలబడి, ఇంట్లోవారికి ఆనాటి కబుర్లు చెప్పడం ఆయనకు ఏళ్ళనాటి అలవాటు. నోరు కబుర్లు చెబుతుంటే చేతులు వాటి ఉద్యోగం అవి చేసుకుపోతున్నాయి. ఖాళీ కనిపిస్తే అవి ఊరుకోవు.

నవ్వు వచ్చింది. నవ్వు సగంలో ఆయనకు మరొకటి తోచింది.

"అక్కా, నువ్వెప్పుడు చూశావిది?"

"నువ్వు సర్దిన వారంలోనే."

"మరి చెప్పలేదేం?"

కూతురు నవ్వు ఆపింది. అక్క కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, కిటికీలోనుంచి చూచింది.

"చెబితే నువ్వు తగ్గుతావు. తగ్గితే కోస్తారు. చెప్పకపోతే... నేనేం అబద్ధమాడానా? నీ చేతులు, నీ డబ్బాలు. మధ్యలో నేనెవర్ని? అలా అనుకుని ఊరుకున్నా. డబ్బా ముందుకొచ్చినప్పుడల్లా, పోన్లే ఇంకో నెల గండం తప్పిందనుకున్నా."

"గండం ఎవరికే?"

"నీకే! నాకు మాత్రం వేరే ఎవరున్నార్రా?"

ఆయన అనుమానం తప్పని తేలింది. తప్పైనా, పూర్తిగా తప్పు కాదని కూడా తేలింది. ఈ రెంటిలో దేనిని పట్టుకుని కోప్పడాలో ఆయనకు బోధపడలేదు.

"మరి ఇవాళెందుకు చెప్పావు? నేనడిగాననా?"

"అడిగితే మాత్రం చెప్పేదాన్ని కాదేమో. నిన్న నువ్విక్కడే నుంచుని బిస్కెట్టు మీద బిస్కెట్టు తింటున్నావు చూడూ, నేను చూస్తున్నా. నువ్వు తింటుంటే నాకెప్పుడూ ముచ్చటగానే ఉండేది. నిన్న కోపం వచ్చింది. ఎంత కోపమనుకున్నావు! లేచి ఆ డబ్బా లాగేసుకుందామనిపించింది." ఆమె ఇటు తిరిగింది. "ఎందుకింత కోపమా అని రాత్రంతా ఆలోచించా. నాకు బతకాలనుందిరా. ఇన్నాళ్ళూ లేదనే అనుకున్నా."

కుళాయి చుక్క చుక్కగా కారుతున్నది. ఆయన దానిని గట్టిగా కట్టి, చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "అదేదో ముందే చెప్పొచ్చుగా," అని గొణిగాడు.

"నాకే తెలీందే!"

సాయంత్రం భార్య వచ్చేసరికి ఇంట్లో పెద్ద మంతనాలు సాగుతున్నాయి. అరలకు తలుపులు పెట్టిద్దామన్నది కూతురు. కబుర్లు చెప్పేటప్పుడు నాన్న చేతులు కట్టేద్దామని కూడా అన్నది. సర్దుబాబాయి తల అడ్డంగా ఊపాడు. వరుస ఉన్నంతకాలం చెయ్యి ఊరుకోదు. వరుసే లేని చోటు కావాలి. దుకాణంలో ఆయన చెయ్యి పోనిది ఒక్క గోదాములోకే. అక్కడి సరుకు గోదాము మనిషి ఇస్తేనే కదలాలి.

"అయితే నా గదే గోదాము," అంది అక్క. "అన్నీ తెచ్చి నా మంచం కింద పడెయ్యండి. నేను తినను, తిననివ్వను."

"వదినా, మీరు ఆయన అడిగితే కాదనగలరా?" అంది భార్య సందేహంగా. "పుట్టి బుద్ధెరిగాక ఆయనకి మీరు తిండి కాదన్నది నేను చూడలేదు."

"చూద్దువుగాని."

పిల్లకు కావలసినది పిల్లకు అందుతూనే ఉన్నది. మేనత్త తలుపు దగ్గరికి పిలిచి చేతిలో పెట్టేది. తమ్ముడికి మాత్రం ఆదివారం నాడు ఒక్క బిస్కెట్టు, అదీ భోజనమైన తరువాత, ఆమె ఎదుట కూర్చుని, నిలబడి కాకుండా తినాలి. మొదటిసారి దానిని చేతిలో పెట్టినప్పుడు ఆయన రెండు నమలుళ్ళలో మింగేశాడు. "రుచి తెలిసిందా?" అని ఆమె అడిగితే తెల్లమొహం వేశాడు. తరువాతి వారం కొరికి, ఆపి, ఇందులో ఉప్పు కూడా వేస్తారని కనిపెట్టాడు. ఆ జాతి బిస్కెట్లను ఆయన జీవితమంతా సర్దాడు గాని, అందులో ఉప్పున్న సంగతి ఎరుగడు. ఈ కొత్త విషయాన్ని దుకాణంలో అందరికీ చెప్పి నవ్వులపాలైనాడు.

ఆసుపత్రికి పోయే రోజు వచ్చింది. ముల్లు ఊగి, అటూ ఇటూ తూగి, డాక్టరమ్మ గీసిన గీతకు ఇవతల ఆగింది. వెంట్రుకవాసి ఇవతల. ఆమె చెప్పులు విడిచి మళ్ళీ ఎక్కమన్నది, ఎక్కాడు, ఇంకొంచెం ఇవతలే ఆగింది. డాక్టరమ్మ తేదీ చెప్పింది. అంతవరకూ ఒక్క ముద్దంత బరువు కూడా పెరగరాదని హెచ్చరించింది.

ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూనే సర్దుబాబాయి అక్క గది గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతున్నది.

"అక్కా, గెలిచాం! తేదీ చెప్పింది డాక్టరమ్మ. ఇవాళ ఒక్క కేకు ముక్క. చిన్నది. ఈ వేలంత."

"లేదు."

"ఆదివారం బిస్కెట్టు కోతవేసుకో. ఇవాళొక్కటీ..."

"లేదన్నానా?"

"నా ఒళ్ళు, నా నోరు, నా ఇష్టం కాదే?"

అక్క మంచం మీద నుంచి లేచి, గుమ్మం దాకా వచ్చి, తమ్ముడి నడుము మీద, వెనుక వైపు, పక్కటెముకల కింద, రెండు వేళ్ళతో పొడిచింది.

"మిగతాదంతా నీ ఇష్టం. ఇక్కడున్నది నాది. డాక్టరమ్మ ఇవాళే తేదీ వేసిచ్చింది. తీసుకునేదాకా నీ దగ్గర దాచుకున్నా, అంతే. నా సరుకు పాడుచేస్తే ఊరుకోను."

వంటింట్లోనుంచి భార్య గట్టిగా నవ్వింది. సర్దుబాబాయి ఆ చోటును అరచేత్తో రుద్దుకుంటూ అక్కవైపు చూచాడు. ఆమె తనను ఏదైనా కావాలని అడగడం ఆయన ఎన్నడూ ఎరుగడు. అడుగుతున్న ఆ ముఖం ఎలా ఉంటుందో చూడాలని, కేకు సంగతి మరచి, అలాగే నిలబడ్డాడు.

"ఏంట్రా ఆ చూపు?"

"ఏం లేదు. ఇంకా ఏమైనా కావాలా?"

"కావాలి," అంది అక్క. "పోయి అన్నం తిను. వేళకి తిను."